ఆవిరి నీలం

మృగశిర కార్తె, రెండో రోజు

కషాయం పడవలు నడిపేవాళ్ళు రోజూ ఇంత రాసి పెట్టాలని లంకల సంఘం కొత్తగా తీర్మానించింది. ఎవరికేమిచ్చాం, తగ్గిందా లేదా, అంతే రాయమన్నారు. అంతే రాయడం నాకు చేతకాదు. ఇరవై రెండేళ్ళుగా మనుషుల మాటలు వింటూ కూచున్నదాన్ని, రెండు ముక్కల్లో ముగించమంటే ఎలా? చదివేవాళ్ళకు ఓపిక లేకపోతే అది వాళ్ళ జబ్బు. దానికీ శొంఠి ఇస్తాను.

పొద్దున్న వాన వెలిసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. పడవ అంచు మీంచి వంగితే, అడుగున ఒకప్పటి కొబ్బరితోట మోడులు వరసగా కనిపించాయి. చేపలు వాటి మధ్య తీరిగ్గా తిరుగుతున్నాయి. మా లంకలు ఆ తోట మీద తేలుతుంటాయి. గుర్రపుడెక్క ఎండబెట్టి అల్లిన చాపలు, కింద వెదుళ్ళు, పైన ఇళ్ళు. గాలి వీస్తే ఊరంతా నెమ్మదిగా ఊగుతుంది. నిద్రలో ఉన్న మనిషి పక్కకు ఒత్తిగిలినట్టు ఉంటుంది.

ఈ రోజు ఆరుగురు వచ్చారు. ఎక్కువగా జలుబులే. ఒకాయనకు మోకాళ్ళు పట్టేశాయి, ఆముదం వెచ్చచేసి రాశాను. అందరి పూసలూ నీలమే. మణికట్టులో చర్మం కింద ఆసుపత్రివాళ్ళు పెట్టిన పూస నీలంగా ఉన్నంతకాలం ఆసుపత్రి బోటు ఎవరి గుమ్మం ముందూ ఆగదు. పసుపైతే కబురు పెడుతుంది. ఎరుపైతే తనే వచ్చి ఎక్కించుకుపోతుంది. రొంప, అరగకపోవడం, నిద్రపట్టకపోవడం, నడుం నొప్పి లాంటి వాటిని పూస అసలు పట్టించుకోదు. అది పట్టించుకోనివన్నీ నా పడవలోకి వస్తాయి.

మృగశిర కార్తె, తొమ్మిదో రోజు

నూకరత్నం వచ్చింది. చిన్నప్పుడు మేమిద్దరం ఒకే తెప్ప పట్టుకుని ఈత నేర్చుకున్నాం. దానికిప్పుడు నలభై తొమ్మిది, ఒప్పుకోదు. లంకల్ని ఒకదానితో ఒకటి కట్టి ఉంచే తాళ్ళ ముడులన్నీ దాని చేతివే. మఖ కార్తెలో పెద్ద పోటు వచ్చేలోపు పాత ముడులన్నీ విప్పి కొత్త తాళ్ళతో వేయాలి. కూతురు లోవకి పని వచ్చు. తల్లికి నమ్మకం లేదు.

"ఒసే అచ్చీ, కడుపులో మంటే. తిన్నది పైకి తన్నుకొత్తంది," అంటూ కూలబడింది.

"ఏం తిన్నావేటి?"

"నువ్వు నోరెత్తకూడదు కదే, పొయ్యి ఎలిగించేవు."

నిజమే. మా మేనత్త నేర్పిన పద్ధతి అది. నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి, దినుసు వేసి, ఒక గ్లాసు అయ్యేదాకా కాచాలి. అంతసేపూ వచ్చినవాళ్ళు తమ బాధ మొదటి నుంచీ చెప్పుకోవాలి, నేను అడ్డు రాకూడదు. గిన్నె దించగానే వాళ్ళు మణికట్టును ఆవిరి మీద పెట్టాలి. దీన్ని పూస పట్టడం అంటాం. ఆవిరి తగిలి పూస నీలం నిగనిగలాడితే మందు పట్టిందని లెక్క. ఆ తర్వాతే తాగాలి. మా ఊళ్ళో నడక రాని పిల్లలు కూడా వేడి గిన్నె కనిపిస్తే చెయ్యి చాపుతారు.

వాము, జీలకర్ర, కాస్త శొంఠి కాచాను. నూకరత్నం కడుపు మంటతో మొదలుపెట్టి, లోవ వేసిన వదులు ముడి మీదకు పోయి, అక్కణ్ణుంచి చచ్చిపోయిన మొగుడు ఈల వేసే తీరు దాకా వెళ్ళింది. నీళ్ళు ఒక గ్లాసయ్యాయి. పూస పట్టింది. నీలం ఎంత ముదురుగా మెరిసిందంటే, నా మందుకి నాకే మురిపెం కలిగింది.

ఆరుద్ర కార్తె, మూడో రోజు

నూకరత్నం ఇప్పుడు రోజూ వస్తోంది. పడవ వాళ్ళ రేవుకి చేరేసరికి పీట వేసుకుని కూచుని ఉంటుంది. ఒకరోజు మంట, ఒకరోజు వీపు మధ్యలో పట్టేసిన నొప్పి, ఒకరోజు ఊరికే నీరసం. నేను దినుసు మారుస్తున్నాను. ధనియాలు కలిపాను. వీపుకి నువ్వులనూనె మర్దన చేశాను. ప్రతిసారీ తేలికపడి లేస్తుంది.

వాన సన్నగా పడుతుంటే పడవ మీద కప్పు కింద మేమిద్దరమే ఉన్నాం. నా గిన్నెలోంచి లేచే ఆవిరి, నీళ్ళ మీంచి లేచే ఆవిరి కలిసిపోయి చుట్టూ ఏమీ కనపడలేదు. లంకలన్నీ ఎక్కడికో వెళ్ళిపోయినట్టు, దాని గొంతు ఒక్కటే మిగిలినట్టు అనిపించింది. నాకు చాలా హాయిగా ఉంది. రోగం కుదిర్చేవాళ్ళు ఇలా రాయకూడదేమో, కానీ అది రోజూ వస్తున్నందుకు నాకు సంతోషంగానే ఉంది.

ఆరుద్ర కార్తె, పదకొండో రోజు

వంతెన చెక్కల మీద నూకరత్నం నడిచి వస్తుంటే చూశాను. ఇరవై అడుగులు లేదు ఆ వంతెన. మధ్యలో ఆగింది. తాడు పట్టుకుని, నీళ్ళలోకి ఏదో చూస్తున్నట్టు నటించింది. చూడటానికి అక్కడేమీ లేదు.

"ఆయాసమేటే?" అన్నాను.

"చేపలు చూత్తన్నాను."

"ముడులేసేదానివి, నీకు చేపలెందుకు?"

నవ్వింది. కూచున్నాక కాళ్ళు చాపితే మడమల దగ్గర వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంది. ధనియాల కషాయం ఇచ్చాను. పూస పడితే మళ్ళీ అదే నీలం. పూస నీలంగా ఉంటే లోపల పెద్ద జబ్బేమీ లేనట్టే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ గుంట మాత్రం ఇంటికొచ్చాక కూడా గుర్తొస్తూనే ఉంది.

పునర్వసు కార్తె, అయిదో రోజు

ఈ రోజు పడవ తీయలేదు. నాకే జ్వరం. ఒళ్ళంతా సలపరం, కళ్ళు మంటలు. లేచి చూసుకుంటే నా పూస పసుపురంగులో ఉంది! ఇన్నేళ్ళలో నా చేతి మీద ఆ రంగు చూడలేదు. ముందు సిగ్గేసింది. కషాయం పడవ అచ్చియ్యమ్మకి పసుపు పూస అంటే ఊరు నవ్వదూ?

బోటువాళ్ళు కబురు పెట్టేలోపు మిరియాలూ తులసీ వేసి కాచాను. చెప్పుకోవడానికి ఎవరూ లేరు కాబట్టి గోడకి చెప్పుకున్నాను. గిన్నె దించి, అలవాటుగా చెయ్యి ఆవిరి మీద పెట్టాను. రెప్పపాటులో పసుపు పోయి నీలం వచ్చేసింది. "అబ్బ, నా మందు!" అనుకున్నాను పైకే.

తర్వాత గిన్నె వంక చూశాను. మందు అందులోనే ఉంది. నేనింకా తాగలేదు.

నుదుటి మీద చెయ్యి పెట్టుకుంటే ఎప్పట్లాగే కాలుతోంది. నీలం మాత్రం నిగనిగలాడుతోంది.

పునర్వసు కార్తె, ఆరో రోజు

పొద్దున్నకి పూస మళ్ళీ పసుపైంది. ఈసారి ఒట్టి నీళ్ళు కాచాను. మిరియం గింజ కూడా వేయలేదు. చెయ్యి పెట్టాను. నీలం.

అంటే అది మందు కాదు. ఆవిరి పూసని ఏమారుస్తోంది. ఒక రోజు పాటు దానికి ఒంట్లో ఏం జరుగుతోందో తెలియకుండా పోతోంది. మేనత్తకి ఇది తెలిసి ఉండదు. తెలిస్తే నేర్పేది కాదు. ఆవిడ తప్పుడు మనిషి కాదు. నేనూ కాదు. అయినా ఇరవై రెండేళ్ళుగా ఎన్ని చేతులు పట్టుకుని గిన్నె మీద పెట్టాను!

నా మందులు దండగని అనడం లేదు. శొంఠితో జలుబు తేలికపడటం, వాముతో కడుపుబ్బరం తగ్గడం నా కళ్ళతో చూశాను. అవి ఎంతవరకు పనిచేస్తాయో చెప్పాల్సిన పూసకే నేను గంతలు కట్టాను. నూకరత్నం ఈ నెలలో, నేను పడవ తీసినన్నాళ్ళూ, ఒక్కరోజు కూడా ఆవిరి తప్పలేదు.

ఇంకో మాట కూడా రాస్తాను, ఎవరు చదివినా సరే. సంఘానికి వెంటనే చెప్పాలని నాకు అనిపించలేదు. చెబితే రేపటి నుంచి నా పడవ వంక ఎవరు చూస్తారన్నదే ముందు తోచింది.

పునర్వసు కార్తె, ఎనిమిదో రోజు

జ్వరం జారింది. పడవ తీశాను. ఆవిరి సంగతి ఎవరికీ చెప్పలేదు. కషాయం మాత్రం ఇంట్లోనే కాచి, చల్లార్చి, సీసాల్లో పోసుకెళ్ళాను. వచ్చినవాళ్ళు ముఖాలు చిట్లించారు. ఒకాయన "పూస పట్టకుండా తాగితే అరుగుద్దా అండి?" అన్నాడు. పొయ్యి పాడైందని అబద్ధమాడాను.

నూకరత్నం అబద్ధాన్ని ఒప్పుకోలేదు. "ఏదీ పొయ్యి, నేను చూత్తాను," అని వంగింది. వంగి లేవడానికే రొప్పింది.

"ఒక్కరోజు ఆవిరి లేకపోతే ఏమవుద్దే? చల్లగా తాగు."

"నాకు చల్లంది పడదు. ఎలిగించు."

"ఎలిగించను."

నా వంక చూసింది. ఆ చూపులో కోపం కన్నా భయం ఎక్కువ. సీసా ముట్టకుండా వెళ్ళిపోయింది. మధ్యాహ్నం లోవని పంపింది. ఆ అమ్మాయి మూతగిన్నె పట్టుకుని వచ్చి నిలబడింది.

"పిన్నీ, వేడివేడిగా పోయించుకురమ్మంది అమ్మ. మూత తియ్యొద్దంది."

పొయ్యి పక్కనే ఉంది. ఒక్క పుల్ల గీస్తే చాలు, మా స్నేహం ఎప్పట్లా ఉంటుంది. లోవ గిన్నెలో చల్లటి కషాయమే పోశాను.

"మీ అమ్మని నన్ను తిట్టుకోమను. నువ్వు మాత్రం రేపంతా దాన్ని వదిలి కదలకు," అన్నాను.

"ఎందుకు పిన్నీ, ఏమైంది?"

"ఏం కాకూడదనే."

ఇంట్లో పొయ్యి మీద నీళ్ళు మరగకుండా చూసుకోమని కూడా చెప్పాను. ఆ పిల్ల గిన్నెని గుండెకి ఆనించుకుని వెళ్ళింది.

పునర్వసు కార్తె, తొమ్మిదో రోజు

ఎండ కాసింది. నూకరత్నం ఆరో లంక దగ్గర తాడు మీద ఉంది. నేను రేవులో పడవ ఆపి, రాకపోతుందా అని కూచున్నాను. అది నా వంక చూడకుండా ముడి బిగిస్తోంది. మెలిక తిప్పుతూ, తిప్పుతూ, ఆగింది. దాని చెయ్యి ఎండలో ఉంది. మణికట్టు దగ్గర నీలం వెలిసినట్టయింది. పసుపు వచ్చింది. పసుపు అసలు నిలవనే లేదు. ఎరుపు.

లోవ కేక పెట్టింది. నూకరత్నం తాడు వదల్లేదు. "ముడి పూర్తవలేదే, పట్టుకో, జారిపోద్ది," అంది కూతురితో. లోవ ఒక చేత్తో తల్లిని, ఒక చేత్తో తాడుని పట్టుకుంది. బోటు కూత దూరంగా వినిపించింది. ఎప్పుడూ వినిపించేదే, ఈ రోజు మాత్రం నా పేరు పెట్టి పిలుస్తున్నట్టు అనిపించింది.

చాప మీద పడుకోబెట్టాం. నీళ్ళ మీది వెలుగు దాని మొహం మీద అలలుగా కదులుతోంది. ఎంత అందంగా ఉందో అనుకున్నాను, ఆ సమయంలో అలా అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. డాక్టరు తబస్సుమ్ గారు బోటు దిగి, నాడి చూసి, కాళ్ళు నొక్కి చూశారు.

"ఎన్నాళ్ళుగా ఉంది ఈ ఆయాసం?"

లోవ నావైపు చూసింది. "కడుపు మంటతో మొదలై నెలైంది," అన్నాను నేను.

"నెల రోజులా? పూస ఏం చేస్తోంది ఇన్నాళ్ళూ?"

అక్కడే, ఊరందరి ముందూ చెప్పేశాను. ఆవిరి, ఒట్టి నీళ్ళు, నా జ్వరం, అన్నీ. నన్ను ఎవరైనా కొట్టినా బాగుండేది.

పునర్వసు కార్తె, పదో రోజు

ఆసుపత్రి బోటు ఒడ్డు చేరకుండా మా లంకల పక్కనే లంగరేసింది. ఒడ్డుకి తీసుకెళ్ళేంత వ్యవధి లేదట. గుండెకి రక్తం తీసుకెళ్ళే దారి ఒకటి మూసుకుపోయింది, కొన్నాళ్ళుగా మూసుకుపోతూ ఉందట. ఆడవాళ్ళలో ఇది కడుపు మంటలాగా, వీపు నొప్పిలాగా వస్తుందని డాక్టరుగారు చెప్పారు. నేను ధనియాలు పోసింది దీనికి.

ఆపరేషన్ మధ్యాహ్నం. ఈలోపు చూస్తానంటే పంపారు. గది తెల్లగా ఉంది. కిటికీలోంచి మా ఊరు కనిపిస్తోంది. దూరం నుంచి చూస్తే ఎవరో నీళ్ళ మీద ఆరేసి మరిచిపోయిన బట్టల్లా ఉంది. నేను కూచున్నాను. చెప్పాల్సింది వల్లె వేసుకుని వెళ్ళాను, ఒక్క ముక్కా రాలేదు. ఏడుపొచ్చింది.

"రత్నం, నీ జబ్బుని దాచింది నేనే. నా ఆవిరే. నాకు తెలీదే, ఒట్టు."

అది కళ్ళు తెరిచింది.

"నీకు తెలీదేటి?" అంది.

"అంటే?"

"నాకు మొదట్నుంచీ తెలుసు. సగం ఊరికి తెలుసు. పసుపు పడ్డవాళ్ళు నీ కాడికి ఎందుకొత్తారనుకున్నావు? బోటు ఎక్కకుండా ఉండటానికే. ఒడ్డుకెళ్తే మూణ్ణెల్లు తిరిగి రానియ్యరు. పోటొచ్చేలోపు ముడులెవరేత్తారు? నీకు తెలిసే సాయం చేత్తన్నావనుకున్నానే, పిచ్చిమొహమా!"

ఇరవై రెండేళ్ళు. మందు పట్టిందని నేను మురిసిన ప్రతి నీలమూ కళ్ళ ముందు తిరిగింది. వాళ్ళు నా కషాయం కోసం రాలేదు. నా గిన్నె ఆవిరి కోసం వచ్చారు. అవమానంగా అనిపించింది. అది చావుబతుకుల్లో ఉంటే నాకు అవమానం గుర్తొచ్చినందుకు ఇంకా సిగ్గేసింది. లేచి నిలబడ్డాను.

"ఎక్కడికే?"

"నీకు నీలం కావాలి. నా దగ్గర లేదిప్పుడు."

"కూచో." కసిరింది. అంత నీరసంలోనూ దాని కసురు కసురే. "పూసకి ఆవిరి ఎంతసేపు కావాలే? రెప్పపాటు. నీళ్ళు నాలుగు గ్లాసులు ఒకటయ్యేదాకా నేనెందుకు కూచునేదాన్ని రోజూ? ఇంట్లో కుండలో నీళ్ళు కాచుకోలేనేటి? నువ్వు పడవ తీయని మూడ్రోజులూ కాచుకున్నాను కదే."

నేను కూచున్నాను.

"భయమేసేదే," అంది. "లోవకి చెప్తే ఏడుత్తాది. నీకు చెప్తే నువ్వు ఊరుకుంటావు. నోరెత్తకూడదు కదా నువ్వు."

ఇంతలో నర్సు వచ్చింది. దాన్ని తీసుకెళ్ళేటప్పుడు నా కొంగు పట్టుకుంది, నర్సు నెమ్మదిగా వేళ్ళు విడిపించింది.

పునర్వసు కార్తె, పన్నెండో రోజు

బతికింది. బతికిందని రాయడానికి పెన్ను పట్టుకుంటే ఇంకేమీ తోచలేదు.

పుష్యమి కార్తె, మూడో రోజు

ఆవిరి మానేశాక ఊళ్ళో పదకొండు పూసలు పసుపయ్యాయి, రెండు ఎరుపు. ఆ రెండిళ్ళవాళ్ళు నాతో మాట్లాడటం లేదు. దాచి చంపబోయానని ఒకరు, బయటపెట్టి పట్టించానని ఒకరు. డాక్టరుగారు మాత్రం బోటులో నాకో బల్ల వేయించారు. "మా యంత్రాలు అన్నీ కనిపెడతాయి అచ్చియ్యమ్మగారూ, కానీ మనుషులు వాటితో ఏమీ చెప్పరు. మీరు వారానికి మూడు రోజులు రండి. కాకపోతే, ఏమిస్తున్నారో ముందు నాకు చెప్పి ఇవ్వాలి," అన్నారు. సరేనన్నాను. మందులతో పొసగనివి ఏవో ఆవిడ చెబుతుంటే రాసుకున్నాను. నా దినుసుల్లో రెండు పక్కన పెట్టాల్సి వచ్చింది.

ముడులు లోవ వేస్తోంది. కిటికీలోంచి చూసి తల్లి తిడుతోంది. తిట్లలో పస తగ్గింది. ముడులు బాగానే ఉన్నట్టున్నాయి.

ఈ రోజు నూకరత్నం మొదటిసారి దిండుకి ఆనుకుని కూచుంది. వాన పడుతోంది. కిటికీ అవతల ఊరు కనిపించడం మానేసింది. వామునీళ్ళు తాగాలని ఉందంది. ఇంకో నాలుగు రోజులు ఆగాలట, పైగా ఈ బోటులో నిప్పు వెలిగించకూడదు. ఊరికే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. చేతుల్లో గరిటె లేకపోతే ఎలా కూచోవాలో నాకు తెలియడం లేదు.

"అడగవేటే?" అంది అదే.

"ఏం అడగాలి?"

"మొదట్నుంచీ చెప్పమని."

"చెప్పు మరి. ఈసారి కడుపు మంట అని మొదలెట్టావంటే చూడు."

నవ్వబోయి, కుట్లు లాగి, ఆగింది. తర్వాత మొదలుపెట్టింది. రోహిణి కార్తెలో ఒక పొద్దున్న తాడు బిగిస్తుంటే మొదటిసారి వచ్చిన నొప్పి గురించి. అది ఎక్కడ మొదలై ఎక్కడికి పాకిందో. ఆ క్షణంలో లోవ పేరు గట్టిగా పిలిచి, పిల్ల పరిగెత్తుకొస్తే, ఏమీ లేదు పొమ్మన్నదాని గురించి. చచ్చిపోతానేమోనని అనుకున్న రోజుల్ని ఒక్కొక్కటే చెప్పింది. నేను నోరెత్తలేదు. వాన ఆగింది, మళ్ళీ పట్టింది. నర్సు రెండుసార్లు తొంగి చూసి వెళ్ళింది. పొయ్యి లేదు, గిన్నె లేదు, ఎక్కడ ఆపాలో మా ఇద్దరికీ తెలియలేదు.